ఎర్రనీళ్ళ నుయ్యి

పదకొండో వారం

పోయిన వారం మనం భాస్కరం గారిని ఆయన పెరట్లో, తలపాగా సగం చుట్టుకుని ఉండగా వదిలేసి వచ్చాం. ఒక పెద్దమనిషిని వారం రోజులు అలా నిలబెట్టడం తప్పే. కానీ ఎడిటరు గారు ఇచ్చిన పేజీలు అక్కడితో అయిపోయాయి, నన్నేం చెయ్యమంటారు?

కొత్తగా చేరినవారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. భాస్కరం గారు గౌతమీపురం మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. కోనసీమ బ్రాహ్మడు, నలభై ఏళ్ళవాడు, సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. కిందటేడు హేవిళంబిలో ఊరిని కలరా ఊడ్చేసినప్పుడు డాక్టరు సెలవు పెట్టి వెళ్ళిపోయాడు, మెంబర్లు తోటల్లోకి తరలిపోయారు. ఈయన మాత్రం రేవు పక్కన జాలరిపేటలో నలభై రోజులు ఉండిపోయారు. పేట మొదట్లో ఉన్న నూతిలో రోగాన్ని చంపే ఎర్రమందు కలిపించారు. నీళ్ళు ఎర్రబడేసరికి జనం హడలిపోతే, నూతి గట్టెక్కి, అందరూ చూస్తుండగా ఒక లోటా నీళ్ళు తానే గటగటా తాగేశారు. ఆ లోటాకి గాను ఆయన తల్లి తరవాత ఆయన చేత పంచగవ్యం మింగించి జంధ్యం మార్పించిందనుకోండి, అది వేరే సంగతి. ఆ తరవాత ఊళ్ళో కలరా చావన్న మాట లేదు. అందుకని విళంబి చైత్రంలో, అంటే ఈవేళ సాయంత్రం నాలుగు గంటలకి, హైస్కూలు పందిట్లో, సబ్‌కలెక్టరు దొరగారి సమక్షంలో ఆయనకి సన్మానం. చైర్మన్ జీవరాజు గారు దానికి ఒక విశేషం కూడా జోడించారు. అదే నూతి నీళ్ళతో పానకం కలిపించి సభకి వచ్చినవాళ్ళందరికీ పోయిస్తున్నారు.

ఇహ సభకి రెండు గంటలుందనగా పెరటి తడిక దగ్గరికి లోవమ్మ వచ్చింది. జాలరిపేటలో ఎండుచేపలమ్ముకునే మనిషి. కిందటేడు భాస్కరం గారికి గుడిసె గుడిసెనీ చూపించి, ఎవరికి వాంతులో, ఎవరికి ఒళ్ళు చల్లబడిందో చెప్పినది ఆవిడే. మొగుణ్ణి కూడా ఆ నలభై రోజుల్లోనే పోగొట్టుకుంది. ఈవేళ పేట తరఫున దండ వెయ్యవలసినది ఆవిడే. వచ్చి ఒక్క మాటే అంది: "ఆ నూతి నీళ్ళు ఎవర్నీ తాగనియ్యకండి బాబూ."

అక్కడ ఆగాం. ఇహ పదండి.

"ఎందుకే?" అన్నారు భాస్కరం గారు, తలపాగా కొస చేత్తో పట్టుకుని.

లోవమ్మ తడిక లోపలికి రాలేదు, బయటికీ పోలేదు. సభ కోసమని ఉతికిన చీర కట్టుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చింది. చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహం చూడకుండా పెరట్లో ఉన్న కరివేపచెట్టుకేసి చూస్తూ చెప్పింది.

పద్దెనిమిది రోజుల కిందట, కోడి కూసే వేళకి ఆవిడ కోడలు తలుపులమ్మకి వాంతులు మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి గొంతు పోయింది, మధ్యాహ్నానికి మనిషే పోయింది. మర్నాడు ఎదురింటి పోతురాజు. ఇద్దరినీ ఇసుకతిన్నెలో పాతిపెట్టారు. పేట దాటి ఒక్కరికీ తెలియనివ్వలేదు.

 కిందటేడు ఇంటింటికీ తిరిగి భాస్కరం గారు చెప్పిన మొదటి మాటే, ఎవరికి వచ్చినా ముందు నాకు చెప్పండని. ఆ మాట అందరికంటే బాగా విన్నదనుకున్న మనిషి ఈవిడ.

"నాకెందుకు చెప్పలేదు?"

"సెబితే మీకు ఈ సబ సెయ్యరు గదండీ," అంది లోవమ్మ.

సంగతి ఇదీ. సన్మానం గురించి ఊళ్ళో చాటింపు వేయించినప్పుడు, ఏడాది పొడుగునా ఒక్క కలరా చావు లేకుండా కాపాడినందుకు అని డప్పు వాడు మరీ మరీ చెప్పాడు. అది విన్న నాలుగు రోజులకే తలుపులమ్మ పోయింది. పేట పెద్దలు కూర్చుని ఆలోచించారు. మన గుడిసెల్లో నలభై రోజులు కూర్చున్న మనిషికి పెద్ద దొర వచ్చి శాలువా కప్పుతుంటే, మన రెండు చావులు అడ్డం పెడతామా అనుకున్నారు. ఎవరూ ఎవరినీ బలవంతం చెయ్యలేదు. తలుపులమ్మ మొగుడే, అంటే లోవమ్మ కొడుకే, ముందుగా సరేనన్నాడు.

ఇంకో భయం కూడా ఉంది. దాన్నీ దాచకుండా చెప్పింది. జాలరిపేటలో మరొక్కసారి కలరా పుడితే, పేటని ఏటిగట్టు మీద నుంచి లేపి నాలుగు కోసుల అవతల ఉప్పుపర్రలోకి తోలెయ్యాలని కౌన్సిలు కిందటేడే తీర్మానం రాసి పెట్టుకుంది. ఆ గట్టు మీద స్టీమరు రేవు కట్టాలని జీవరాజు గారికి ఎప్పటినుంచో కోరిక. అరవై ఇళ్ళు. ఏరు లేనిచోట వలేసుకు బతికేవాళ్ళు ఏం చేస్తారో ఆ తీర్మానంలో రాయలేదు.

ఇదంతా వింటున్నా భాస్కరం గారి బుర్ర ఇంకోచోట ఉంది. అందుకే అడిగారు.

"వాళ్ళ గుడ్డలు, చాపలు ఏం చేశారు?"

లోవమ్మ మొహంలో మొదటిసారి కాస్త ధైర్యం కనబడింది. ఈ ప్రశ్నకి తమ దగ్గర మంచి జవాబు ఉందనుకుంది కాబోలు.

"మీ మాట దాటలేదండి. గోదాట్లో ఒక్క పోగు ఎయ్యలేదు. అమ్మోరి నూతిలో ఏసేం."

చదివేవారికి ఇక్కడ ఒక సంగతి తెలియాలి. అమ్మవారు, అంటే కలరా తల్లి మరిడమ్మ, తీసుకుపోయిన మనిషి తాలూకు చీరా చాపా తిరిగి అమ్మవారికే అప్పజెప్పాలని వాళ్ళ ఆచారం. అరటిబోదెల తెప్ప కట్టి, పసుపూ కుంకాలతో గోదావరిలో సాగనంపుతారు. కిందటేడు భాస్కరం గారు రేవులో అడ్డంగా నిలబడి దాన్ని మాన్పించారు. దిగువ ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు, చచ్చినవాళ్ళ గుడ్డ ఒక్కటి కూడా ఏట్లో పడకూడదని బతిమాలి, కసిరి ఒప్పించారు. వాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు.

"అమ్మవారి నుయ్యి ఏమిటి? ఏ నుయ్యి?" అన్నారు, తెలిసే.

ఆయనకి తెలియదంటే లోవమ్మకే విడ్డూరంగా ఉంది. మీరు కుంకం కలిపి మరిడమ్మ తల్లికి ఇచ్చిన నుయ్యేనండి అంది. మీరే గట్టెక్కి, ముందుగా ఆ తీర్థం పుచ్చుకున్నారు గదండీ అంది. ఆ రోజు నుంచి పేటలో పసిపిల్ల కూడా అందులో నీళ్ళు తాగలేదట. అమ్మవారి నీళ్ళు మనుషులు తాగుతారా? పడవలేసుకుని నడి ఏట్లోకి పోయి నీళ్ళు తెచ్చుకున్నారు. గట్టు మీద మాత్రం రోజూ దీపం పెట్టేవారు.

ఆ దీపాలు భాస్కరం గారు చూశారు. తన మందు మీద జనానికి కుదిరిన నమ్మకానికి గుర్తు అనుకుని, రిపోర్టులో కూడా రాశారు. ఇప్పుడు తడిక పట్టుకుని నిలబడి ఆలోచిస్తే, మందు కలిపిన నీళ్ళు తాగి బతికారనుకున్న జనం ఆ నీళ్ళు ముట్టుకోకుండా బతికారు. తన సన్మానపత్రంలో నాలుగు వాక్యాలు అక్కడికక్కడే కొట్టుకుపోయాయి. అది పెద్ద బాధ కాదు. గుడ్డలకి రాయి కట్టి ముంచారట. కలరా తగ్గాక మునిసిపాలిటీ నూతి మీద మూయించిన పలకల్లో ఒకటి జరిపి, దండం పెట్టుకుని వేశారట. ఆ పలకలన్నీ ఈవేళ పొద్దున్నే తీయించి, మునిసిపాలిటీ మనుషులు చేదలతో తోడుతున్నారు. అది అమ్మవారి నుయ్యి, ముట్టుకోవద్దని లోవమ్మ వెళ్ళి చెబితే నవ్వి పొమ్మన్నారు.

ఆ నుయ్యి తెరవడానికి కాగితం పది రోజుల కిందట భాస్కరం గారి బల్ల మీదికే వచ్చింది. 'నీరు పరీక్షించితిని, శుభ్రముగా నున్నది' అని రాసి సంతకం చేశారు. పరీక్షించలేదు. ఆ మధ్యాహ్నం సభకి కొత్త కోటు కుట్టడానికి దర్జీ కొలతలు తీసుకుంటున్నాడు. పదహారేళ్ళ సర్వీసులో చూడకుండా సంతకం చేసిన కాగితం అదొక్కటే. మనం మంచివాళ్ళనుకునేవాళ్ళు కూడా ఏదో ఒక మధ్యాహ్నం దర్జీ ముందు చేతులు చాపి నిలబడతారు.

"నీళ్ళు ఆపండి బాబూ," అంది లోవమ్మ. "పేట పేరు మాత్రం సెప్పకండి. మా అరవై గడపలూ మీ నోట్లో ఉన్నాయి."

చెప్పనన్నారు. ఆ రెండూ కలిపి చెయ్యడం ఎలాగో ఆలోచించకుండానే మాట ఇచ్చేశారు. లోపల నుంచి భార్య మాణిక్యాంబ జరీ ఉత్తరీయం పట్టుకుని వచ్చి, మేళం వీధి మొదటికి వచ్చేసిందని, ఇంకా తలపాగా కూడా చుట్టుకోలేదని కేకలేసింది. లోవమ్మ దండ తెచ్చుకోవాలని వెళ్ళిపోయింది.

జీవరాజు గారు పల్లకి వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు. ఆయన చెడ్డవాడని నేను ఎప్పుడూ అనలేదు. ఊరికి దీపస్తంభాలు వేయించిన మనిషి. కాకపోతే తాను ఒకసారి అనుకున్నది జరిగి తీరాలనుకునే మనిషి, అటువంటి వాళ్ళతో కాస్త కష్టం. భాస్కరం గారు ఆయన్ని అరుగు మీదే ఆపి, ఆ నూతి నీళ్ళు వాడొద్దండి అన్నారు.

జీవరాజు గారు నవ్వి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. బ్రాహ్మలకి వేరే గంగాళం పెట్టించాం, గోదావరి నీళ్ళు మడితో తెప్పించాం, మీరేమీ బెంగ పెట్టుకోకండి అన్నారు. మీరు మాత్రం నూతి నీళ్ళ పానకం అందరి ఎదుటా ఒక్క గుక్క పుచ్చుకోవాలి, నిరుడు లోటా ఎత్తి తాగిన సంగతి విన్నప్పటి నుంచి దొరగారు అది చూడాలని ముచ్చట పడుతున్నారు అన్నారు.

"మడి గురించి కాదండి. నీళ్ళు బాగాలేవు."

"ఎవరు చెప్పారండి?"

భాస్కరం గారికి లోవమ్మకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఎవరు చెప్పారంటే ఏం చెప్పాలి? జీవరాజు గారు కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించారు. కింద భాస్కరం గారి సంతకం, మునిసిపాలిటీ ముద్ర. దాన్ని సభలో చదివిస్తామన్నారు.

"పొరపాటు పడ్డానండి. చూడకుండా రాశాను."

"మీరు చూడకుండా రాస్తారా?" అన్నారు జీవరాజు గారు. ఆ మాట నిజంగా నమ్మకంతోనే అన్నారు, వెటకారం లేదు. పదహారేళ్ళ మంచిపేరు ఆ నిమిషంలో భాస్కరం గారికి ఎదురుతిరిగింది.

పోనీ అందులో ఎర్రమందు కలపనివ్వండి అని బతిమాలారు. దొరగారి ముందు ఎర్ర పానకం పెట్టమంటారా అని చైర్మన్ గారు పగలబడి నవ్వారు. ఇంత వినయం పనికిరాదండి, పదండి, దొరగారు బయల్దేరారన్నారు. ఇద్దరు మెంబర్లు చెరో రెక్కా పట్టుకుని పల్లకీ ఎక్కించారు. గుమ్మంలో మాణిక్యాంబ కళ్ళొత్తుకుంటోంది, ఆనందంతో.

సన్మానాలు జరిగే మనిషికంటే దిక్కులేని మనిషి ఊళ్ళో ఉండడని నాకు అప్పుడప్పుడు అనిపిస్తూ ఉంటుంది. తక్కినవాళ్ళందరికీ ఏదో పని ఉంటుంది, నడుస్తారు, పలుకుతారు, కావాలంటే ఇంటికి పోతారు. ఆయన ఒక్కడే ఎత్తుకుపోయినచోటికి పోవాలి. భాస్కరం గారు పల్లకిలోంచి వంగి బోయీలకి చెప్పబోయారు. ముందర రెండు డోళ్ళు, రెండు సన్నాయిలు. పక్కన నడుస్తున్న మెంబరుకి సైగ చేశారు. ఆయన దండం పెడుతున్నారనుకుని మెంబరు తిరిగి దండం పెట్టాడు. రెండు పక్కలా జనం అరుగుల మీద నుంచి లేచి నమస్కారాలు చేస్తున్నారు. ఆయన చేతులు ఊపితే వాళ్ళకి సంతోషం.

పల్లకి నూతి మీదుగానే పోయింది. గట్టుకి సున్నం వేసి, గిలకకి మామిడాకులు కట్టారు. బానలు వరసగా నింపి బండి మీదికి ఎక్కిస్తున్నారు. నీళ్ళు తేటగానే ఉన్నాయి. చూసిన కంటికి ఏ దోషమూ లేదు, అదే ఆ రోగంతో వచ్చిన చిక్కు. అడుగున రాయికట్టి ఉన్న తలుపులమ్మ చీర భాస్కరం గారికి ఒక్కరికే కనబడుతోంది. ఆపండి అని అరిచారు. బోయీలు ఆగారు కూడా. జనం ఏమనుకున్నారంటే, పూర్వం తాను పుణ్యం కట్టుకున్న నూతికి దండం పెట్టుకుంటారు కాబోలు అనుకున్నారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పల్లకి కదిలింది.

హైస్కూలు పందిట్లో ఆరేడు వందల మంది ఉన్నారు. ముందు వరసల్లో వకీళ్ళు, షావుకార్లు, ఒక పక్క వెదురు తెర వెనక ఆడవాళ్ళు. రెండో పక్క, పందిరి నీడ అందనిచోట, బడిపిల్లలు వరసగా, చేతుల్లో ఆకుదొన్నెలతో కూర్చున్నారు. మధ్యాహ్నం మూడు నుంచి ఎండలో కూర్చోబెట్టారు కాబట్టి పెదాలు తడుపుకుంటున్నారు. వేదిక పక్కనే పెద్ద గంగాళం నిండా పానకం. మిరియాలు, యాలకులు గుమగుమలాడుతున్నాయి. దొరగారు, చైర్మన్ గారు, సన్మానం పొందేవారు తాగాకే తక్కినవారికి పోయాలని కట్టడి. అదొక్కటే భాస్కరం గారికి మిగిలిన అవకాశం.

మొదట మెడలో దండలు పడ్డాయి. తరవాత శాలువా. ఒక చేతిలో నిమ్మకాయ పెట్టారు, రెండో చేతిలో వెండిపెట్టె పెట్టారు. ఆ రెండూ పట్టుకున్నాక మనిషి దేనికీ పనికిరాడు. హైస్కూలు తెలుగు పండితుడు వేంకటేశ్వర్లు గారు సన్మానపత్రం విప్పి చదవడం మొదలుపెట్టారు. దాంట్లో భాస్కరం గారు ధన్వంతరి అయ్యారు, భగీరథుడు అయ్యారు, ఇంకా ఏవేవో అయ్యారు. మధ్యలో ఒకచోట పంతులుగారు గొంతు పెంచారు. నాటినుండి నేటివరకు ఈ పురమందు విషూచి వలన నొక్క ప్రాణియైనను మృతినొందలేదని చదివారు. కరతాళధ్వనులు మోగాయి. చివరి వరసలో నిలబడ్డ జాలరిపేటవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. అందులో లోవమ్మ కొడుకు ఉన్నాడు. వాడు అందరికంటే గట్టిగా కొడుతున్నాడు.

వాణ్ణి చూశాక భాస్కరం గారికి ఆగలేదు. లేచి నిలబడ్డారు.

"అయ్యా, నేను దీనికి తగినవాణ్ణి కాను," అన్నారు.

చప్పట్లు.

"మర్యాదకి అనడం లేదు. నేను తప్పు చేశాను."

మళ్ళీ చప్పట్లు. ఒక వకీలు గారు కళ్ళు తుడుచుకున్నారు. దుబాసీ దొరగారి చెవిలో ఏదో చెబితే, ఆయన కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు.

"ఆ నీళ్ళు..." అనేసరికి జీవరాజు గారు ఆ మాట అందుకున్నారు. ఆ నీళ్ళ మహిమే ఇప్పుడు అందరం చూడబోతున్నాం అంటూ, వెండిగ్లాసుతో పానకం ముంచి తెమ్మని సైగ చేశారు. నిమ్మకాయా, పెట్టే ఎవరో చేతుల్లోంచి తీసుకున్నారు. వాటి స్థానంలో గ్లాసు వచ్చింది.

చల్లగా ఉంది. ఎదురుగా పిల్లలు దొన్నెలు సర్దుకుంటున్నారు. మొదటి వరసలో ముక్కుపుడక పెట్టుకున్న ఒక చిన్నపిల్ల, దొన్నె చిల్లి పడిందేమోనని ఎండకి ఎత్తి చూసుకుంటోంది. ఈ నీళ్ళలో జాలరిపేట చావులున్నాయని చెబితే ఈ పిల్లలు బతుకుతారు, రేపు పొద్దున్న అరవై గుడిసెలూ లేచిపోతాయి. చెప్పకపోతే, నీళ్ళలో రోగం ఉంటే ఉంది, లేకపోతే లేదు. పద్దెనిమిది రోజులకి దాని బలం తగ్గుతుందో పెరుగుతుందో ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. గ్లాసు కింద పారబోస్తే ఇంకో గ్లాసు ముంచుతారు. తాను తాగి పడిపోతే జనం నమ్ముతారా అని కూడా అనుకున్నారు, కానీ రోగం పడగొట్టడానికి ఒక పూట పడుతుంది. ఆ పూటలో గంగాళం ఖాళీ అయిపోతుంది. ఎటు తిరిగినా దారి లేదు. 

ముందు పేటవాళ్ళ దండ పడాలి, ఆ తరవాత పానకం అన్నారు ఎవరో. అందరూ తప్పుకుని లోవమ్మకి దారి ఇచ్చారు.

బంతిపూల దండ రెండు చేతులా పట్టుకుని వచ్చింది. వేదిక మెట్టు దగ్గర ఆగి, పైకి చూసింది. ఆయన చేతిలో గ్లాసు చూసింది. తరవాత ఆయన మొహం చూసింది. నీళ్ళు ఆపలేకపోయానని ఆయన చెప్పలేదు. ఆవిడ అడగలేదు. కిందటేడు ఒక్కొక్క గుడిసెలోంచి బయటికి వచ్చి ఆయన తల అడ్డంగా ఊపేవారు, మనిషి ఇహ దక్కడని లోవమ్మ దాన్ని బట్టి తెలుసుకునేది. ఇప్పుడూ అలాగే, కనబడీ కనబడకుండా, తల అడ్డంగా ఊపారు.

లోవమ్మ దండని మెట్టు మీద పెట్టింది. పక్కకి తిరిగి నాలుగు అడుగులు వేసింది. చీరచెంగు నడుముకి దోపుకుని, గంగాళం మీదికి వంగి, రెండు చేతులూ మోచేతుల దాకా పానకంలో ముంచింది.



రోజూ ఉప్పుచేపలు పిసికే చేతులు. ఆవిడ చేతులు కలిసిన పానకం షావుకార్లు ముడతారా, వకీళ్ళు ముడతారా, పిల్లల్ని ముట్టనిస్తారా? చేతులు పైకి తీసి, కారుతున్న చేతులతోనే భాస్కరం గారి వైపు తిరిగింది. ఆయనకి మాత్రమే వినబడేలా అంది.

"ఇంకెవరూ తాగర్లెండి బాబూ."

ఆ తరవాత జరిగిందంతా ఒక్కసారిగా జరిగింది. వెనక వరసలు లేచి ముందుకి తోసుకొచ్చాయి. పిల్లల చేతుల్లోంచి దొన్నెలు లాగి పారేశారు. జవాను ఒకడు లోవమ్మ జుట్టు పట్టుకుని మెట్టు మీదికి ఈడ్చాడు. ఇంకొకడు లాఠీతో మోకాళ్ళ వెనక కొట్టాడు. ఆవిడ పడింది గాని, అరవలేదు, ఏడవలేదు. చేతులు మాత్రం ఎవరికీ తగలకుండా పైకి ఎత్తి పట్టుకుంది. వెనకాల ఆవిడ కొడుకు జనాన్ని తోసుకుని రాబోతుంటే పేటవాళ్ళే వాణ్ణి పట్టుకుని ఆపారు.

జీవరాజు గారి మొహం కందగడ్డ అయింది. ఇంతమందిలో, దొరగారి ఎదుట, ఇటువంటి అవమానం ఆయన పుట్టి ఎరగరు. ఎవరి ప్రాణాలు కాపాడినందుకు ఈ సభ చేస్తున్నామో ఆ జనమే ఇంత విశ్వాసం లేని పని చేశారు, ఇహ ఈ పేట గట్టు మీద ఉండడానికి వీల్లేదని ఆయన అరుస్తున్నారు. వకీళ్ళు ఔనంటున్నారు. వెదురు తెర వెనక నుంచి మాణిక్యాంబ పేరు పెట్టి లోవమ్మని శపిస్తోంది. నీళ్ళ సంగతి చెప్పకుండానే అరవై గుడిసెలూ లేచిపోయే రోజు వచ్చేసింది. పైగా ఇప్పుడు లోవమ్మకి జైలు కూడా.

దొరగారు కుర్చీలోంచి లేచాడు. గొడవ సద్దుమణిగే దాకా చెయ్యెత్తి నిలబడ్డాడు. తరవాత దుబాసీకి ఏదో చెప్పాడు. దుబాసీ గొంతు సవరించుకుని, ఈ ఆడమనిషి ఈ పని ఎందుకు చేసిందో దొరగారు తెలుసుకోదలిచారన్నాడు. ముందుగా లోవమ్మని అడిగారు. ఆవిడ నేలకేసి చూస్తూ కూర్చుంది. జవాను లాఠీ ఎత్తాడు. ఆవిడ అప్పటికీ పెదవి విప్పలేదు. అరవై గడపలూ తన నోట్లోనూ ఉన్నాయి మరి.

దొరగారు జవానుని ఆగమని సైగ చేసి, దుబాసీతో మళ్ళీ మాట్లాడాడు. ఈవిడ చెప్పకపోతే, ఈ జనాన్ని అందరికంటే బాగా ఎరిగిన మనిషి సభలో ఒకరున్నారు, ఆయన చెప్పవచ్చు అన్నాడట. ఆయన మాటే తనకి ప్రమాణం అన్నాడట.

ఆరువందల మొహాలూ భాస్కరం గారి వైపు తిరిగాయి. లోవమ్మ కూడా అప్పుడు తలెత్తింది. మోచేతుల నుంచి పానకం ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆయన చేతిలో వెండిగ్లాసు అలాగే నిండుగా ఉంది.

భాస్కరం గారు గ్లాసు కింద పెట్టి, మెడలో దండలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి, మాట్లాడడానికి నోరు తెరిచారు.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.